కరెంటు పోయినప్పటి మాటలు

మా గల్లీవాళ్లందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. షోలాపూర్ దాజీ పేట్‌లో పుట్టి ఇప్పుడు పుణేలోనో భివండీలోనో హైదరాబాదులోనో ఉంటున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మామూలుగా పెళ్లిపత్రికలు, చావుకబుర్లు, దేవుళ్ల బొమ్మలు వస్తుంటాయి. మొన్న వానాకాలం చివర్లో మాత్రం ఎవరో నైజాం కాలం గురించి ఒక వీడియో పెట్టారు. అది విమోచనం అని ఒకరు, కాదు విలీనం అని ఒకరు, రెండూ కాదు ద్రోహం అని ఇంకొకరు రాశారు. పొద్దుగూకేసరికి, చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్న ఇద్దరు ఒకరి తండ్రిని ఒకరు తిట్టుకుని గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లెవరూ ఆ కాలానికి పుట్టలేదు. నేనూ పుట్టలేదు. కానీ ఆ కాలాన్ని నెత్తిన మోసుకుని షోలాపూర్ దాకా వచ్చిన ఇద్దరు మనుషుల మధ్య పెరిగాను. దాని గురించి వాళ్లు ఎలా మాట్లాడుకునేవారో, ఏది మాట్లాడుకోకుండా దాటేసేవారో చూశాను. ఇంత దగ్గరగా చూసిన మనిషి ఇలాంటి తగాదాలో రెండు ముక్కలు చెప్పగలగాలి. నేనేమీ రాయలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే చాలు, దాచిపెట్టిన వస్తువు మీద ఎవరో చెయ్యి వేసినట్టు ఉంటుంది నాకు.

మా ఇల్లు, అంబవ్వ ఇల్లు ఎదురెదురు. మధ్యలో గల్లీ ఎంత ఇరుకంటే, వాళ్ల కిటికీ ఊచకీ మా కిటికీ ఊచకీ దారం కట్టి అమ్మ తడి చీరలు ఆరేసేది. అంబవ్వ కొడుకు నర్సయ్య సేటు కింది అంతస్తులో సాంచాలు పెట్టుకున్నాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. అవి ఆడుతుంటే మా వంటింట్లో గూట్లోని స్టీలు గ్లాసులు సన్నగా వణికేవి. ఆ చప్పుడుకు అలవాటుపడి మా గల్లీవాళ్లు దవాఖానాలోనైనా పెళ్లిచూపుల్లోనైనా గొంతెత్తే మాట్లాడతారు. పొద్దున్నే నీళ్లు చల్లిన తునికాకు వాసన, పోగుకు పట్టించే గంజి వాసన, సాంచాల నూనె వాసన కలిసి ఇంటింటా తిరిగేవి. తంబాకు పొడి పచ్చడిలోకి కూడా వచ్చేది. అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు అంబవ్వ అరుగు మీద చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. కొడుకు సేటు అయ్యాక కూడా అంబవ్వ ఆ పని మానలేదు. "కొడుకు అన్నం తింట గని, చేతులూకుంటయా" అనేది. చుట్టిన ప్రతి బీడీనీ చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో ఒత్తి, ఆకు పలికే చప్పుడును బట్టి మంచిదో కాదో చెప్పేది.

మా తాత మల్లయ్య, అంబవ్వ ఒకే ఊరివాళ్లు. నల్లగొండ దిక్కు ఊరది. తాత వయసులో ఉన్నప్పుడు కమ్యూనిస్టుల సంగంలో తిరిగాడు. దొరల మీద, నైజాం మీద తుపాకీ పట్టాడు. పోలీస్ యాక్షన్ తర్వాత కూడా అడవిలోనే ఉండి, పట్టుబడి, జైలు చూసి, ఆ తర్వాత షోలాపూర్ వచ్చాడు. అంబవ్వ అంతకుముందే భర్తను పోగొట్టుకుని చంకలో కొడుకుతో తమ్ముడి దగ్గరికి ఇక్కడికి వచ్చేసింది. ఆమె భర్త ఎంకటయ్యను చంపింది సంగమే. ఆ సంగతి గల్లీ మొత్తానికి తెలుసు. తాత సంగం మనిషని కూడా తెలుసు. ఈ రెండూ తెలిసీ ఆ రెండు ఇళ్లు ఎదురెదురుగా ఎలా ఉన్నాయని చిన్నప్పుడు నాకెప్పుడూ అనిపించలేదు. తాత అంబవ్వను "వదినె" అనేవాడు. ఆమెకు మొదట బీడీ పని ఇప్పించింది తాతే. నర్సయ్యకు మగ్గం నేర్పిందీ తాతే. జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని తినేముందు తాత ఒకసారి గుమ్మంలోకి వచ్చి ఎదురింటి పొయ్యి అంటుకుందా లేదా అని చూసేవాడు. ముసలాయన గాలికి నిలబడ్డాడనుకునేదాన్ని.

సాంచాలు ఆడుతున్నంతసేపూ ఎవరికీ ఎవరి మాటా వినబడదు కాబట్టి మా గల్లీలో అసలు మాటలన్నీ కరెంటు పోయినప్పుడే నడిచేవి. సాయంత్రం కరెంటు పోగానే చెవుల్లో దూది పెట్టినట్టు నిశ్శబ్దం దిగేది. చెమటలు తుడుచుకుంటూ అందరూ అరుగు మీదికి చేరేవారు. తాత కొడుకు, మా బాపు రాజేశం కుంఠా నాకాలో ఇంకొకరి సాంచాలు నడిపేవాడు. ఎర్రజెండా యూనియన్ మనిషి. నేను పెద్దబాపు అని పిలిచే నర్సయ్య సేటు ఖద్దరు టోపీ పెట్టేవాడు, ఆ పార్టీకి మా పేటలో పెద్దమనిషి. ఎలక్షన్లప్పుడు మా ఎర్రజెండా తాడు కట్టడానికి వాళ్ల కిటికీ తప్ప వేరే ఆధారం లేకపోతే, "కట్టుకో తియ్. గాలికి ఊగేది నా కిటికీనే గద" అని ఊరుకున్నాడు. కానీ పాత సంగతి వచ్చిందంటే ఇద్దరూ ఆగేవారు కాదు.

"మా నాయిన ఏం చేసిండని సంపిండ్రు, రాజేశం? మగ్గం నేసుకునేటోడు. దొర గడికి ధోతులు ఇచ్చొచ్చెటోడు. గదేనా తప్పు?" అనేవాడు పెద్దబాపు.

"అన్నా, గసొంటి కొట్లాటల అమాయకులు సుత పోతరు. ఒక చావు వట్టుకొని అంత పోరాటం ఖరాబంటె ఎట్ల?"

"నీకు ఒక చావు. నాకు నాయిన."

బాపు గడికి ఉట్టిపుణ్యానికి నేసిచ్చే వెట్టి ఎవరివల్ల బందయిందని అడిగేవాడు. సర్కారు వచ్చాక బందయిందని పెద్దబాపు అనేవాడు. సర్కారును తెచ్చింది ఎవరని మళ్లీ బాపు. ఇంట్లోంచి అంబవ్వ గొంతు వచ్చేది. "మీరిద్దరు ఆడ ఉన్నరా? ఉన్నోళ్లు నోరు మూసుకొని ఊకున్నరు. మీరెందుకు ఒర్రుతున్నరు?" అరుగు మీదున్నవాళ్లలో అప్పుడు ఆ ఊళ్లో ఊహ తెలిసి ఉన్నవాడు తాత ఒక్కడే. తాత చుట్ట వెలిగించుకుంటూ నేలకేసి చూసేవాడు. కరెంటు వచ్చేది. ఎవరి మాట వాళ్ల నోట్లోనే ఉండిపోయేది. మర్నాడు పెద్దబాపు సాంచా ఆగిపోతే బాపే వెళ్లి బాగుచేసేవాడు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానా వరండాలో బాపు పక్కన కూర్చున్నది పెద్దబాపే. అంత దెబ్బలాడుకున్నవాళ్లు ఒకరి ఇంటికి ఒకరు పోవడం మానలేదని ఇప్పుడు మా పిల్లలకు గొప్పగా చెబుతుంటాను. చెబుతున్నప్పుడు చాంద్ చాచా గుర్తొచ్చి గొంతు తగ్గుతుంది. పక్క గల్లీలో పోగులు అతికే పని చేసే ఆ ముసలాయన కూడా అదే అరుగు మీద చాయ్ తాగేవాడు. మాటల్లోకి రజాకార్లు రాగానే, "చలో భాయ్, నమాజ్‌కు పోవాలె" అని లేచేవాడు. అది నమాజు వేళ కాదని మాకందరికీ తెలుసు. ఆయన కుటుంబం పోలీస్ యాక్షన్ తర్వాతి ఊచకోతల్లో బీదర్ దిక్కు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిందని విన్నాం. కూర్చో చాచా, మీకు ఏం జరిగిందని మాలో ఏ ఒక్కరూ అడగలేదు.

నేను టీచరు శిక్షణలో ఉన్న ఏడాది యూనియన్‌వాళ్లు పాత పోరాటయోధులకు సత్కారం పెట్టారు. మా పేటలో మిగిలింది తాతే. బాపు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తాత మొదట వద్దన్నాడు, బాపు ముఖం చూసి ఒప్పుకున్నాడు. సభలో తాత గురించి తెలుగులో చదవాల్సిన వ్యాసం నాకప్పగించారు. తాతను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాను. ఏ గుట్ట మీద దాక్కున్నారు, ఏం తిన్నారు, తుపాకీ ఎక్కడిది, జైల్లో ఏం చేశారు. ఓపికగా చెప్పాడు. రాశాను. అప్పుడు నా చేతిలో కొత్తగా నేర్చుకున్న భాష పొంగుతూ ఉండేది. ఒకచోట, "అమాయకుల నెత్తురు అంటని చేతులవి" అని రాసి, మెచ్చుకుంటాడనే ఆశతో పైకి చదివి వినిపించాను. తాత ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. తర్వాత లేచి వెళ్లి గుమ్మంలో ఎదురింటికేసి నిలబడ్డాడు. నాకు కోపం వచ్చింది కూడా. ఇంకా ఏదో మిగిలింది, చెప్పు తాతా అని పట్టుబట్టాను.

మర్నాడు పొద్దున తాత స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, "నాతోని రా బిడ్డా" అన్నాడు. గల్లీ దాటి అంబవ్వ ఇంట్లోకి వెళ్లాం. పెద్దబాపు నూలు బజారుకు వెళ్లాడు. కింద సాంచాలు ఆడుతున్నాయి. అంబవ్వ గోడకు ఆనుకుని ఆకు కత్తిరిస్తోంది. తాత ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. సాంచాల చప్పుడులో చెప్పాలంటే గొంతెత్తాల్సిందే. నా జన్మలో విన్న ఘోరమైన మాటలు అలా అరిచినట్టుగానే విన్నాను.

"వదినె, ఆనాడు ఎంకన్నను ఇంట్లకెల్లి పిలిసింది నేనే. నేను పిలిస్తె వస్తడని నన్ను తోలిండ్రు. నూలొచ్చింది, సూద్దువు రా అని పిలిసిన. ఊరి బయట అప్పజెప్పిన. తర్వాత ఏమైతదో నాకు ఎర్కనే."

అంబవ్వ కత్తెర కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నీ గొంతు నాకు ఎర్క లేదా మల్లయ్య? నేను పొయికాడ ఉన్న. ఆ ఏడు నూలేడ దొరికింది? నూలు లేక ఊళ్లె సగం మగ్గాలు పండవెట్టిండ్రు. నూలు రాలేదని నాకు ఎర్క. ఆయనకు సుత ఎర్కనే."

"ఎర్క ఉండి ఎందుకొచ్చిండు?"

"పిలిసింది నువ్వని వచ్చిండు."

తాత రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను వెనక్కి జరిగి తలుపు పట్టుకున్నాను. అంబవ్వ మాత్రం ఆగలేదు. ఇన్నేళ్లుగా తనకూ చెప్పడానికి మనిషి దొరకలేదేమో. "నీదొక్కదే గాదు. మావోడు సుత చేసిండు. బాయికాడి కొట్టంల సంగం పిల్లలు పండుకుంటున్నరని గడిల చెప్పింది ఆయననే. రజాకార్లొచ్చి ఆ ఇద్దరు పిల్లలను పట్కపోయి కాల్చిండ్రు. గడి నుంచి మా ఇంటికి వడ్లొచ్చినయి. ఎందుకొచ్చినయో నాకు ఎర్క. దంచింది నేను. వండింది నేను. నర్సయ్యకు తినవెట్టింది నేను."

"రేపు సభల చెప్త వదినె. నా గురించి నేను చెప్త. ఈ షాలువ నాకు వద్దు."

"చెప్పి నువ్వు నిమ్మళంగ పోతవు. నా కొడుకేం గావాలె? నాయినను పిలిసి సంపిచ్చినోడే నాకు మగ్గం నేర్పిండనుకోవాల్నా? ఎందుకు సంపిండ్రని వాడు అడుగడా? అడిగితె, మీ నాయిన ఇద్దరు పిల్లలను పట్టిచ్చిండని నేను చెప్పాల్నా?"

తాత ఏదో అనబోతుండగా కరెంటు పోయింది. సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. అంబవ్వ ముందుకు వంగి తాత మోకాలి మీద చెయ్యి వేసి, గుసగుసగా, "ఊకో. ఇనవడ్తది" అంది. కింద పనివాళ్లు దగ్గుకుంటూ బయటికి వస్తున్న అలికిడి వినబడింది. కాసేపటికి ఆమె నాకేసి చూసి, "నువ్వు సుత ఇన్నవు. నా కొడుక్కు చెప్పకు బిడ్డా" అంది. తలూపాను.

సభకు పెద్దబాపును పంపింది అంబవ్వే. చుట్టూ ఎర్రజెండాలు, మధ్యలో ఆయన ఒక్కడిది తెల్లటోపీ. నిర్వాహకులు ఊరివాడని ఆయన్నే వేదిక మీదికి పిలిచి శాలువా కప్పమన్నారు. పెద్దబాపు మైకు ముందు నిలబడి, "మా రాజకీయం వేరే. మా నాయిన సంగతి వేరే. నేను ఇయ్యాల నాలుగు సాంచాల సేటునైన్నంటె ఈ కాక వల్లనే" అని శాలువా కప్పి కాళ్లకు మొక్కాడు. తాత ఆయన్ను లేపలేకపోయాడు. చేతులు ఆయన టోపీ దాకా వెళ్లి ఆగిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. బాపు కళ్లు తుడుచుకున్నాడు. నేను వ్యాసం చదివాను. ఆ చేతుల వాక్యం దగ్గరికి వచ్చేసరికి తడబడి, దాన్ని వదిలేసి కింది వాక్యానికి వెళ్లాను. ఎవరూ గమనించలేదు. చివర్లో తాత ఒక్క మాటే మాట్లాడాడు. "నేను చేసినయాట్ల మంచియి మీరు చెప్పిండ్రు. చెప్పనియి నాతోనే ఉంటయి." అది వినయం అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత కరెంటు పోయినప్పుడు తాత అరుగు మీదికి రావడం తగ్గించాడు. బాపు, పెద్దబాపు ఎప్పటిలాగే వాదించుకునేవారు. నేను ఆ వాదన వినలేకపోయేదాన్ని. అమాయకుడైన మా నాయిన అని పెద్దబాపు అన్నప్పుడూ, మచ్చలేని పోరాటం అని బాపు అన్నప్పుడూ, ఇద్దరినీ మోసం చేస్తున్నది నేనే అనిపించేది. ఒక్క మాటతో ఇద్దరి నోళ్లూ మూయించగలను. ఆ మాట అంటే ఇద్దరికీ తండ్రి ఉండడు. తాత పోయినప్పుడు పాడెకు ముందు భుజం పట్టింది పెద్దబాపు. అంబవ్వ తన గుమ్మంలో నిలబడి గల్లీ మలుపు దాకా చూసింది. కొన్నేళ్లకు ఆమె కూడా పోయింది. పోయే ముందు నన్ను పిలుస్తుందేమో, చెప్పమనో చెప్పొద్దనో ఇంకోసారి అంటుందేమో అని ఎదురుచూశాను. పిలవలేదు. తర్వాత బాపు కూడా పోయాడు. సాంచాలు పాత ఇనుము కింద వెళ్లిపోయాయి. గల్లీలో ఇప్పుడు చప్పుడు లేదు. కరెంటూ పోదు. మాట్లాడుకోవడానికి అడ్డమేమీ లేదు. అయినా మావాళ్లు ఎదురెదురు ఇళ్లలో కూర్చుని ఫోన్లలోనే తిట్టుకుంటున్నారు. తాత, అంబవ్వ సగం దాచుకుని బతికారు, నిజమే. కానీ పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన భారాన్ని ఎప్పుడూ తప్పించుకోలేదు.

గ్రూపులో గొడవైన వారానికి పెద్దబాపు ఫోన్ చేసి ఇంటికి రమ్మంటే వెళ్లాను. కుంఠా నాకా దగ్గర కొడుకు కట్టిన ఇంట్లో ఉంటున్నాడు. నడుము వంగింది, వినికిడి మాత్రం బాగానే ఉంది. చాయ్ వచ్చాక కోడల్ని లోపలికి పంపి, మెల్లిగా అడిగాడు.

"బిడ్డా, ఈ పోరలు కొట్లాడుకుంటుంటె నాకొకటి యాదికొస్తున్నది. సభనాడు నేను మొక్కితె మీ తాత నన్ను లేపలే. చేతులు నా టోపీ కాడ్నే ఆగినయి. నీకేమన్న చెప్పిండా?"

లేదు అనడం ఎంత సులువో నాకు తెలుసు. అన్నేళ్లూ అదే చేశాను. అంబవ్వకు తలూపిన సంగతి గుర్తొచ్చింది. కానీ ఆ ముసలి ముఖం ఎదురుగా పెట్టుకుని అబద్ధం చెప్పే బలం నాలో మిగల్లేదు. మొత్తం చెప్పాను. నూలు సంగతి, పిలుపు సంగతి, బావికాడి కొట్టం, వడ్లు. ఏదీ తగ్గించలేదు, తాతను కాపాడుకోవడానికి ఒక్క మాటా కలపలేదు. చెబుతున్నంతసేపూ ఆయన తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. లేచి పొమ్మంటాడనుకున్నాను.

"ఆ పిల్లల పేర్లేంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. "కొట్టంల పండుకున్న పిల్లలు. ఇద్దరన్నవు గద. పేర్లేంది?"

"తెల్వదు పెద్దబాపు."

"మీ తాత చెప్పలేదా?"

"నేను అడగలేదు."

తాతను ఏ గుట్ట, ఏ తుపాకీ అని అడిగినదాన్ని. అరుగు మీద అన్నేళ్లు ఆ వాదన విన్నదాన్ని. చనిపోయిన ఇద్దరు పిల్లలకు పేర్లుంటాయని నాకు తోచనేలేదు. "మీ బాపు, నేను గిన్నేండ్లు ఒర్రితిమి. మా నోట్ల సుత రాకపాయె" అన్నాడు పెద్దబాపు. తర్వాత ఊళ్లో ఎవరైనా ఉంటే కలపమన్నాడు. గ్రూపులో ఆ ఊరితో ఇంకా రాకపోకలున్న ఒకరి ద్వారా, రెండు మూడు చేతులు మారి, ఒక మనిషి నంబరు దొరికింది. ఆ మనిషి వాళ్ల తాతకు తమ్ముడే ఆ ఇద్దరిలో ఒకడట. ఫోన్ కలిపి ఇస్తే పెద్దబాపు ఆ ఇద్దరి పేర్లు అడిగాడు. అవతలి మనిషి గొంతులో అనుమానం నాకు వినబడుతూనే ఉంది. ఎవరు మీరు, ఏ పార్టీవాళ్లు, దేనికి అడుగుతున్నారు అన్నాడు.

"పార్టీ గాదు నాయినా. నేను ఎంకటయ్య కొడుకును. గడికి ధోతులు నేసిచ్చిన ఎంకటయ్య."

"ఆ ఎంకటయ్యనా?" అన్నాడు అవతలి మనిషి. ఆ పేరు అక్కడ ఇంకా బతికే ఉందని ఆ గొంతులోనే మాకు తెలిసింది. పెద్దబాపు ఫోన్ దించలేదు.

"గిన్నేండ్లకు ఇప్పుడెందుకు?" అన్నాడు ఆ మనిషి.

"ఇయ్యాలనే తెలిసింది నాయినా. తెలిసినంక అడగకుంటె ఎట్ల?"

ఆ మనిషి రెండు పేర్లు చెప్పాడు. పెద్దబాపు ఆ రెండు పేర్లూ మెల్లిగా పలికి, సరిగ్గానే అన్నానా అని అడిగాడు.